ముందు చాపలో చోటు

సురేంద్రబాబు ఆత్మకూరు బస్సు దిగి నేరుగా ఇంట్లోకి వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా సంచీలోంచి కాగితం పొట్లం తీసి కుట్టుమిషను మీద పెట్టాడు. పొట్లం దానంతటదే విచ్చుకుంది. లోపల తాళంకప్ప, ఒకే దారానికి కట్టిన రెండు తాళంచెవులు.

భార్య కాళ్ళ కింద మిషను ఆగిపోయింది.

"ఏందిరా అది?" మంచం మీద నుంచే అడిగింది రాహేలమ్మ.

"కనపడతా ఉండాది కదమ్మా. తాళం."

"తాళమని నాకూ తెలుసు. మనింట్లో దొంగలు ఎత్తకపొయ్యేదానికి ఏముండాదని?"

"వెనక గదికి." అతను ఎవరి మొహమూ చూడలేదు. "రేపు ఒకటో ఆదివారం, గుళ్ళో ప్రభు భోజనం. గుడి వదిలేదాకా ఏంజెలిన్ లోపలుంటాది. రెండు గంటలు. అంతే."

"అంతే," అంది గోడవార నుంచి ఏంజెలిన్.

పద్దెనిమిదేళ్ళ పిల్ల. అవ్వ తెల్లచీర మడత పెడుతోంది. అంచుకు అంచు కలవకపోతే విప్పి మళ్ళీ మొదలు. ఎదుటివాళ్ళ చివరి మాట పట్టుకుని తిరిగి అప్పజెప్పడమే గాని, తన సొంత మాటలు రోజు మొత్తానికి పదో పన్నెండో. గదికి తాళం వచ్చిన సంగతి ఆమెకు తెలిసిందో లేదో ఆ మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

రాహేలమ్మ కాళ్ళు కిందికి దించింది. చలిజ్వరం పడి, కలిగిరిలో కూతురింట మూడు వారాలుండి, నిన్ననే పాలేనికి తిరిగొచ్చిన మనిషి. నలభై ఏళ్ళు బైబిలు చంకన పెట్టుకుని ఉదయగిరి చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్ళు సారా అంగడి ముందు బైఠాయించిన రోజుల్లో ముందు వరసలో కూర్చుంది. ఒళ్ళు చిక్కింది గాని గొంతు చిక్కలేదు.

"కన్నబిడ్డకు తాళమేస్తావా?"

"ఏం చెయ్యమంటావు మరి? పోయిన నెల నువ్వు జ్వరంలో పడుండావు, నీకు తెలవదు. బాప్తిస్మం లేని పిల్ల, అయినోళ్ళు కూర్చునే ముందు చాపలోకి పొయ్యి కూర్చోనింది. ప్రభు భోజనం రొట్టె తినేసింది. హెన్రీ మాస్టరు ఆపబోతే కేక పెట్టి ద్రాక్షరసం ట్రే తోసేసింది. గ్లాసులన్నీ పగిలిపోయినాయి. గుడి గుడంతా నన్నే చూస్తా ఉండాది! సోమవారం పొద్దున నేను అదే హెన్రీ మాస్టరు ముందర నిలబడి రిజిస్టర్లో సంతకం పెట్టాల."

హెన్రీ మాస్టరు సురేంద్రబాబు పనిచేసే స్కూలుకు హెడ్మాస్టరు. గుడికి సెక్రటరీ కూడా ఆయనే.

"దాని బాప్తిస్మానికే కదరా జ్వరానికి ముందే పేరిచ్చినాను," అంది రాహేలమ్మ. "ఈ సాయంత్రం సంఘం పెద్దలు కూర్చుంటారు. పాస్టరయ్యగారు సరే అంటే పిల్లకు బాప్తిస్మం అవుతాది. అప్పుడు ముందు చాపలో నా పక్కన కూర్చుంటాది. తాళంతో ఏం పని?"

సురేంద్రబాబు గొంతు తగ్గింది.

"పేరు వెనక్కు తీసుకుంటామని హెన్రీ మాస్టరుకు మాటిచ్చి వచ్చినాను."

చీర మడతల గరగర ఒక్కటే.

అతని భార్య ఎప్పుడూ అత్తకూ మొగుడికీ మధ్య మాట కలిపే మనిషి కాదు. సూది కింది గుడ్డను మెల్లగా లాగి దారం కొరికింది.

"ఇంకోటి కూడా తేవాల్సింది," అంది.

"ఏంది?"

"తాళం. పిల్ల ఒకతే ఎట్టుంటాది? నన్ను కూడా పెట్టి ఎయ్యండి. మీ సంఘంలో అడిగితే ఇద్దరికీ తెలివి లేదని చెప్పుకోవచ్చు."

సురేంద్రబాబు తాళంచెవులు రెండూ తీసి చొక్కాజేబులో వేసుకున్నాడు. దొడ్లోకి వెళ్ళి, కడుక్కున్న కాళ్ళే మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు.

*

తలుపు వెనక సుకుమారి ఇదంతా వింది.

ఏంజెలిన్ కంటే మూడేళ్ళు చిన్నది, పదో తరగతి. క్లాసులో సారు అడిగినదానికి జవాబు తెలిసినా గొంతు దాటి రాదు. కొత్తవాళ్ళు వస్తే వెనక గదిలో దూరుతుంది. రేపు తాళం పడబోయే గది అదే. అక్కాచెల్లెళ్ళ చాపలు, పుస్తకాలు, తను నోటితో చెప్పలేనివన్నీ రాసుకునే డైరీ, అన్నీ అందులోనే.

డైరీ పక్కన ఇంకో నోటుబుక్కు ఉంది. అది నిరోషక్క ఇచ్చింది.

నిరోష ఆత్మకూరు నుంచి గురువారం గురువారం బస్సులో వస్తుంది. ఏంజెలిన్‌లాంటి పిల్లలున్న ఇళ్ళకు తిరిగి, వాళ్ళకు పనులు నేర్పే పద్ధతి ఇంట్లోవాళ్ళకు చూపించడం ఆమె ఉద్యోగం. మొదటిసారి వచ్చినప్పుడు ఏంజెలిన్ పక్కన గంటసేపు ఊరికే కూర్చుంది. తర్వాత సుకుమారితో అంది:

"మీ అక్కకు పిచ్చీ లేదు, గాలీ సోకలేదు. దీన్ని ఆటిజం అంటారు. మనం చేసే ప్రతి పనికీ ఒక కారణం ఉంటాది కదా, తను చేసేదానికీ ఉంటాది. తను చెప్పలేదు, మనమే ఎతుక్కోవాల."

నోటుబుక్కులో పేజీకి మూడు గళ్ళు గీసింది. ముందు ఏం జరిగింది, తను ఏం చేసింది, తర్వాత ఏం జరిగింది.

"అల్లరి చేసింది, మొండికేసింది అని రాస్తే ఒప్పుకోను. అది నీ కోపం. నీ కంటితో చూసిందే రాయి."

బిందె బోర్లించిన రోజు, కొత్త జాకెట్టు చింపిన రోజు, అన్నీ రాసింది సుకుమారి. పోయిన నెల ఆదివారం మాత్రం రాయలేదు. రాయడానికి సిగ్గేసింది. ఆ రోజు వెనక చాప మీద తల దించుకుని, నేల పగిలి తనను మింగితే బాగుండునని కూర్చుంది.

ఇప్పుడు ఖాళీ పేజీ తీసింది. నడి గడిలో మొదలుపెట్టింది. "ముందు చాపలో కూర్చుంది. పళ్ళెంలోంచి రొట్టె తీసుకుంది. తినింది."

పెన్ను ఆగింది.

తినడం చూశానా?

కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంది. రొట్టె తీసుకోవడం చూసింది. పిడికిలి ముయ్యడం చూసింది. గ్లాసుల ట్రే వచ్చినప్పుడు ఒక గ్లాసు తీసుకుని, తాగకుండా లేచి వాకిలి వైపు నడవడం చూసింది. హెన్రీ మాస్టరు మణికట్టు పట్టుకోవడం, అక్క కేక, పగిలిన గ్లాసులు. అమ్మ ఇంటికి లాక్కుపోయేటప్పుడు కూడా రెండో చెయ్యి పిడికిలి పిడికిలిగానే ఉంది.

"తినింది" అన్న మాట కొట్టేసింది.

మొదటి గడి ఖాళీగా ఉంది. ముందు ఏం జరిగింది? ఎప్పుడూ వెనక చాపలో తన పక్కన కూర్చునే అక్క ఆ రోజు ముందుకెందుకు పోయింది?

నోటుబుక్కు పట్టుకుని అవ్వ దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఆ ఆదివారం అక్కకు ఏమన్నా చెప్పినావా?"

"ఏం చెప్తాను, ఒళ్ళు కాలిపోతా ఉంటే?" రాహేలమ్మ ఆలోచించింది. "ఆఁ, నా చోటు ఖాళీగా పెట్టొద్దు, పొయ్యి కూర్చోమ్మా అన్నట్టుండాను. ముప్పై ఏళ్ళుగా ఎప్పుడూ ఖాళీ పెట్టలేదు నేను. జ్వరంలో అన్నమాట. దానికి అర్థమైంది అనుకోలా."

సుకుమారి రాసుకుంది.

"ఆ రోజు ప్రభు భోజనం తీసుకున్నావా నువ్వు?"

"తీసుకున్నా. రొట్టె వచ్చింది. రసమే రాలేదు. హెన్రీ మరిచిపొయినాడేమో అనుకున్నా."

"రొట్టె ఎవరు తెచ్చినారు?"

"ఏందే నువ్వు, పోలీసోళ్ళ మాదిరి? హెన్రీ పంపించినాడు కదా, మీ అక్క చేత. అది వచ్చి నా అరిచేతిలో పెట్టింది. నలిగిపొయ్యి చెమట చెమటగా ఉండాది. మాట కూడా చెప్పింది."

"ఏం మాట?"

"ఇంకే మాట? మంచాన పడినోళ్ళ ఇండ్లకు పొయ్యి ఇచ్చేటప్పుడు మేం చెప్పేది. సంఘం నిన్ను మరిచిపోలేదమ్మా."

గుడికి రాలేనివాళ్ళకు వాళ్ళ వంతు ఇంటికి చేర్చడం ఆ సంఘంలో పాత అలవాటు. పెద్దల్లో ఎవరి వంతు వస్తే వాళ్ళు, తోడు రాహేలమ్మ. ఆమె చెయ్యి పట్టుకుని ఏంజెలిన్ చిన్నప్పటి నుంచి ఆ ఇళ్ళన్నీ తిరిగింది. వాకిట్లో నిలబడి అవ్వతో పాటు ఆ మాట కూడా అనేది.

"అవ్వా," అంది సుకుమారి. "నీకు ఎవరూ పంపించలేదు. అక్క తినలేదు. నీకు తెచ్చింది."

రాహేలమ్మ చాలాసేపు మనవరాలి మొహంలోకే చూసింది. తర్వాత గోడవారనున్న పెద్ద మనవరాలిని చూసింది. ఏంజెలిన్ చీర మడత పూర్తిచేసి దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉంది.

"నా తెల్లచీర ఇట్టియ్యి తల్లీ," అంది రాహేలమ్మ. "పెద్దల దగ్గరికి నేనూ వస్తా ఉండాను."

*

అవ్వ, ఏంజెలిన్ వెనక వస్తుంటే, దారి పొడుగునా సురేంద్రబాబు సుకుమారితో ఒకే మాట.

"నువ్వేం మాట్లాడబాకు. నేను పేరు వెనక్కి తీసుకుంటాను, వచ్చేస్తాం. అర్థమైందా?"

"నాయనా, నేను రాసింది ఒక్కసారి చదువు."

"చదివి? ఆయన తప్పని నలుగురిలో చెప్పేదా? ఎల్లుండి నుంచి ఆ స్కూల్లో నన్ను బతకనిస్తాడా?"

"అక్కను బతకనిస్తా ఉండామా మనం?"

ఆ మాట ఎట్లా వచ్చిందో సుకుమారికే తెలియదు. తండ్రి నిలబడిపోయాడు. చెయ్యి ఎత్తుతాడేమో అనుకుంది. ఎత్తలేదు. ఉదయగిరి కొండ మీద ఎండ ఎర్రబడుతుంటే అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ నడిచాడు.

అయ్యగారి వసారాలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. అయ్యగారు, హెన్రీ మాస్టరు, అందరికంటే పెద్దవాడు పిచ్చయ్య. బల్ల మీద గుడ్డ కప్పిన పళ్ళెం. రేపటి రొట్టె అయ్యగారింట్లోనే కాలుస్తారు. ఆ వాసన వసారా అంతా నిండి ఉంది.

రాహేలమ్మ మెట్ల మీదే చతికిలబడింది. "వందనాలు. ఇక్కడే బాగుండాది. మీరు కానీండి."

హెన్రీ మాస్టరు కళ్ళజోడు సర్దుకుని ఏంజెలిన్ వైపు వంగాడు. స్వరం మెత్తగానే ఉంది.

"అమ్మాయ్, యేసుప్రభువు నీ రక్షకుడని నమ్ముతా ఉండావా?"

"ఉండావా," అంది ఏంజెలిన్.

"బాప్తిస్మం ఎందుకు తీసుకుంటారు?"

"తీసుకుంటారు."

ఆయన వెనక్కి వాలాడు. "చూసినారు కదా అయ్యగారూ. నేను కావాలని చెప్పటం లేదు. మన సంఘంలో చంటిబిడ్డలకు బాప్తిస్మం ఎందుకియ్యం? తెలిసి తీసుకోవాలనే కదా. రొట్టె అయినా అంతే. తెలివి లేనోళ్ళకు ఇయ్యకూడదు. ఊరికి చెప్పి నేను తప్పించుకోలేదు. మా అమ్మ ఉండాది. శీనమ్మంటే ఈ సంఘంలో మొదటి తరం మనిషి. మతి పొయ్యి ఏడాదైంది, నన్నే ఎవురని అడగతాది. ఆమెకు కూడా రొట్టె మానిపించినా. నాకు బాధ లేదా?"

ఆయన గొంతులో ఉన్నది అబద్ధం కాదని సుకుమారికి కూడా తెలిసింది.

సురేంద్రబాబు లేచాడు. "మా పిల్ల పేరు..."

"నాయనా, ఆగు."

అందరూ అటు తిరిగారు. సుకుమారి వాళ్ళ మొహాలు చూడలేకపోయింది. నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకుని, క్లాసులో పాఠం చదివినట్టు చదివింది.

"ముందు ఏం జరిగింది. అవ్వకు జ్వరం. నా చోటు ఖాళీగా పెట్టొద్దు, పోయి కూర్చో అని అక్కతో చెప్పింది. అక్క ఏం చేసింది. కూర్చుంది. రొట్టె తీసుకుంది, తినలేదు. రసం తీసుకుంది, తాగలేదు. రెండూ పట్టుకుని ఇంటికి బయల్దేరింది. చెయ్యి పట్టుకుంటే అరిచింది. తర్వాత ఏం జరిగింది. నాయన కొట్టినాడు. అక్క ఏడుస్తా పోయి రొట్టె అవ్వ చేతిలో పెట్టింది. సంఘం నిన్ను మరిచిపోలేదమ్మా అని చెప్పింది."

నోటుబుక్కు దించింది. కూర్చోలేదు.

"తిన్నా," అంది మెట్ల మీద నుంచి రాహేలమ్మ. "హెన్రీ పంపినాడనుకుని తిన్నా."

పిచ్చయ్య తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "హెన్రీ, ఆ ఆదివారం మంచాన పడినోళ్ళ ఇండ్లకు పొయ్యే వంతు ఎవురిది?"

"నాదే."

"పొయినావా?"

"ఆ గందరగోళంలో... గ్లాసులు పగిలి..." హెన్రీ మాస్టరు మొహం ఎర్రబడింది. "అది సరేలే మామా. ఈ పిల్ల రాసుకొచ్చింది, ముసలామె జ్వరంలో చూసింది. ఇది సాక్ష్యమా? అది అవ్వకోసం తెచ్చిందో, తినబోయి మరిచిపొయిందో, ఎవురికి తెలుసు?"

"అడగొచ్చు కదా," అంది సుకుమారి.

"ఏమని అడిగేది? అడిగితే అదే మాట తిరిగి చెప్తాది!"

అయ్యగారు చెయ్యి చాపి పళ్ళెం మీది గుడ్డ తీశాడు.

"మాటలతో వద్దు," అన్నాడు. "ఇది ఇంకా ప్రార్థన చెయ్యని రొట్టె. మామూలు రొట్టే. తిన్నా తప్పు లేదు, పారేసినా తప్పు లేదు."

ఒక ముక్క విరిచి ఏంజెలిన్ ముందు పట్టుకున్నాడు. ఆమె చెయ్యి తాకకుండా, అరిచేతిలోకి జారవిడిచాడు. ఇంకేమీ అనలేదు.

ఏంజెలిన్ రొట్టె వైపు చూసింది. మధ్యాహ్నం ఇంట్లో గొడవతో ఎవరూ సరిగా అన్నం తినలేదు. కాల్చిన రొట్టె అంటే ఆమెకు ప్రాణం. తినొద్దక్కా, తినొద్దు, అనుకుంది సుకుమారి. మరుక్షణమే అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆకలేసిన మనిషి తింటే తప్పేంది? తిన్నా సరే, రేపు ఆ గదికి తాళం పడనివ్వను.

ఏంజెలిన్ పిడికిలి మూసింది. లేచింది.

అందరూ రాహేలమ్మ వైపు చూశారు. రాహేలమ్మ కూడా తెలియకుండానే అరిచెయ్యి చాపింది. ఏంజెలిన్ ఆమె పక్కనుంచే మెట్లు దిగింది, ఆగలేదు. అవ్వకు ఇప్పుడు జ్వరం లేదు. అవ్వ బయటికొచ్చి కూర్చుని ఉంది.

ఆమె వాకిలి దాటి వీధిలోకి నడిచింది.

"పొయ్యేపొయ్యే, పట్టుకోండ్రా!" అన్నాడు పిచ్చయ్య.

"వద్దు," అన్నాడు అయ్యగారు. "చెయ్యి వెయ్యొద్దు ఎవరూ."

ఎడమకు తిరిగితే తమ ఇల్లు. ఏంజెలిన్ కుడికి తిరిగింది. ఆ వైపు నాలుగే ఇళ్ళు, ఆ తర్వాత కంపచెట్లు, కొండ. ఆ నాలుగిళ్ళలో గుడికి రాని మనిషి ఉండేది ఒక్క ఇంట్లోనే.

హెన్రీ మాస్టరు లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు చేతిలోకి వచ్చింది.

"మా ఇంటికి..." అన్నాడు. "ఆ వెనక వాకిలి తెరుచుకోదు. బయట గొళ్ళెం పెట్టుండాది. అమ్మ రోడ్డు మీదికి పొయ్యేస్తాదని... ఊళ్ళో అందరూ చూస్తారని..."

మాట మధ్యలోనే పోయింది.

సురేంద్రబాబు చెయ్యి చొక్కాజేబు దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగింది. దారానికి కట్టిన రెండు తాళంచెవులూ గుడ్డ మీద నుంచి అతని వేళ్ళకు తగిలి ఉంటాయి. చెప్పులు తొడుక్కున్నాడు. హెన్రీ మాస్టరు ముందు ఏనాడూ నేల చూపులు వదలని మనిషి ఈసారి ఆయన మొహంలోకే చూశాడు.

"పదండి మాస్టరుగారూ. పోదాం."

వాళ్ళు చేరేసరికి ఏంజెలిన్ ఆ ఇంటి వెనక వాకిలి ముందు నిలబడి ఉంది. తలుపు తట్టలేదు. గొళ్ళెం ముట్టలేదు. అరిచెయ్యి విప్పి, దాని మీద నలిగిన రొట్టె పెట్టుకుని, మూసిన తలుపుతో చెప్తోంది.

"సంఘం నిన్ను మరిచిపోలేదమ్మా."

లోపల నులకమంచం కిర్రుమంది. ఎవరో కాళ్ళీడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. తర్వాత తలుపు మీద లోపలి నుంచి ఒక అరిచెయ్యి దెబ్బ. ఇంకొకటి.

"ఎవురమ్మా?" అంది ముసలి గొంతు. "ఎవురొచ్చింది?"

హెన్రీ మాస్టరు ముందుకు వచ్చి గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. వెనక అయ్యగారు ఉన్నారు, పిచ్చయ్య ఉన్నాడు, పక్కింటి వాకిట్లో చాటలు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

ఈ రోజుకి తన దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయనుకుంది సుకుమారి. ఇంకొకటి మిగిలి ఉంది.

"తియ్యండి మాస్టరుగారూ," అంది.

ఆయన తిరిగి చూశాడు. చెయ్యి గొళ్ళెం మీదే ఉంది.